రాసిన నిడివి, మోగే నిడివి: నొటేషన్ సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చెన్నైలోని తెలుగు పాఠకుల నుంచి సంగీత శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: కాగితం మీద రాసిన స్వరం ఒక నిడివిలో ఉంటే, కంప్యూటరు దాన్ని మరో నిడివిలో ఎందుకు వినిపిస్తుంది? అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ సంచికలో వీటికే సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను మైలాపూరులో పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. కర్ణాటక పద్ధతిలో మొదలుపెట్టి ట్రినిటీ పాశ్చాత్య సంగీత గ్రేడు పరీక్షలకు కూడా వెళ్లే పిల్లలు ఉన్నారు కనుక, సరళీ వరుసలను, జంట వరుసలను స్టాఫ్ నొటేషన్‌లో (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో) ఎక్కించి, ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆ ఫైళ్లను పంపుతుంటాను. పియానో ధ్వనిలో జంటలు స్పష్టంగానే వినిపిస్తున్నాయి గాని, ఫ్లూటు ధ్వని పెట్టగానే ‘సస రిరి గగ మమ’ అన్నది ‘సా రీ గా మా’ లాగా అతుక్కుపోతోంది. మూడో కాలంలో (నాలుగింతల వేగంలో) మరీను. ఇదే ఫైలును వేరొక సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ప్రతి స్వరమూ కాస్త ముందుగానే తెగిపోతోంది. కాగితం మీద రెండు చోట్లా అవే క్రాచెట్లు (ఒక లెక్క నిడివి గుర్తులు) ఉన్నాయి. వీటిలో ఏది సరైనది?

సమాధానం: అమ్మా, రెండు సాఫ్ట్‌వేర్లూ మీ క్రాచెట్టును సరిగానే చదివాయి. అవి వేరుపడింది, చదివిన తరువాత ఆ స్వరాన్ని ఎంతసేపు మోగించాలన్న నిర్ణయంలో. క్రాచెట్టు మనకు చెప్పేది ఆ స్వరానికి తాళంలో ఎంత చోటు ఉందో, తరువాతి స్వరం ఎక్కడ ఎత్తుకోవాలో మాత్రమే. మన స్వరలిపి కూడా అంతే చెబుతుంది: ‘స’ అని హ్రస్వంగా రాస్తే ఒక అక్షరకాలం, ‘సా’ అని దీర్ఘంగా రాస్తే రెండు. ఆ అక్షరకాలంలో కమాను ఎంతవరకు తీగ మీద ఉండాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో ఏ లిపీ పూర్తిగా రాయదు, అది గురువు నోటి నుంచీ చేతి నుంచీ రావలసిందే. పాశ్చాత్య సంగీతంలోనూ ఇది పాత సంగతే. కీబోర్డు వాయిద్యం గురించి 1753లో రాస్తూ జర్మన్ సంగీతకర్త కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్, విడదీయమని గాని కలిపి వాయించమని గాని పూర్తిగా నిలపమని గాని గుర్తు లేని స్వరాలను రాసిన విలువలో సగంసేపే పట్టి ఉంచాలని చెప్పాడు. ఇవాళ ఏ ఉపాధ్యాయుడూ అంత పొట్టిగా వాయించమనరు. రాసే గుర్తు అదే ఉన్నా, మోగించే అలవాటు కాలాన్ని బట్టి మారిందన్నమాట.

కంప్యూటరుకు అలవాటంటూ ఏమీ ఉండదు కాబట్టి ఎవరో ఒకరు దానికి అంకెలలో చెప్పాలి. కంప్యూటర్లూ వాద్యాలూ సందేశాలు పంపుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో ‘ఈ స్వరం ఇంతసేపు’ అనే సందేశమే లేదు. ‘ఈ స్వరం మొదలు’ అని ఒకటి, ‘ఈ స్వరం ఆపు’ అని మరొకటి, అంతే. రెండింటి మధ్య గడిచిన కాలమే ఆ స్వరం నిడివి. ఆ కాలాన్ని కొలవడానికి సాఫ్ట్‌వేర్లు క్రాచెట్టును టిక్కులనే చిన్న ముక్కలుగా విడగొడతాయి. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఒక క్రాచెట్టును 480 టిక్కులుగా లెక్కిస్తుంది. పూర్తి నిడివితో మోగించే సాఫ్ట్‌వేర్ ‘ఆపు’ సందేశాన్ని 480వ టిక్కు దగ్గర పంపుతుంది. డోరికో అనే మరో నొటేషన్ సాఫ్ట్‌వేర్, మీరేమీ మార్చకపోతే, ఏ గుర్తూ లేని స్వరాన్ని రాసిన విలువలో 85 శాతమే మోగిస్తుంది; 480 టిక్కుల లెక్కలో చెప్పాలంటే 408వ టిక్కు దగ్గర ఆపేస్తుంది. మీకు ముందుగా తెగినట్టు వినిపించింది బహుశా ఇలాంటి అమరికే.

గుర్తులు పెట్టినప్పుడు ఈ శాతాలు మారతాయి. మ్యూజ్‌స్కోర్ 3 వాద్యాల పట్టికలో స్టకాటోకు (తెంచి వాయించడం) 50, స్టకాటిస్సిమోకు (మరింత పొట్టిగా తెంచడం) 33, పోర్టాటోకు (కొద్దిగా విడదీయడం) 67, టెనూటోకు (పూర్తిగా నిలపడం) 100 శాతం అని రాసి ఉంటుంది. స్లర్ (స్వరాలను కలిపి వాయించమనే వంపుగీత) కింద ఉన్న స్వరాలను డోరికో నూరు శాతం కన్నా కొంచెం ఎక్కువగానే సాగదీస్తుంది, అంటే తరువాతి స్వరం మొదలైన క్షణంలో ముందుది ఇంకా మోగుతూనే ఉంటుంది. లెగాటో (తెంపు లేకుండా కలిపి వాయించడం) అన్న భావన ఆ చిన్న అతివ్యాప్తి వల్లనే చెవికి అందుతుంది. ఇవన్నీ మార్చుకోదగిన అంకెలే. వీటిలో ఏదీ శాస్త్రం కాదు. తయారు చేసినవారి చెవికి సరిగ్గా తోచిన విలువలు ఇవి, మీ చెవికి తోచనప్పుడు నిస్సంకోచంగా మార్చండి.

ఇక జంటల సంగతి. నిమిషానికి 60 క్రాచెట్ల వేగంలో మొదటి కాలం ఒక్కో స్వరానికి ఒక సెకను అనుకుందాం. 85 శాతం మోగిస్తే రెండు ‘స’ల మధ్య 150 మిల్లీసెకన్ల ఖాళీ దొరుకుతుంది. రెండో కాలంలో అది 75కు, మూడో కాలంలో సుమారు 37కు తగ్గిపోతుంది. పియానోలో ప్రతి స్వరం సుత్తి దెబ్బతో మొదలవుతుంది కనుక ఖాళీ లేకపోయినా రెండో ‘స’ విడిగా తెలుస్తుంది. ఫ్లూటు ధ్వనిలో ఆ దెబ్బ లేదు. పైగా ‘ఆపు’ అన్న సందేశం అందాక కూడా ధ్వని ఒక్కసారిగా ఆగదు, క్రమంగా సన్నగిల్లుతుంది. ఆ సన్నగిల్లే కాలం 37 మిల్లీసెకన్ల కన్నా ఎక్కువైతే మీరు వదిలిన ఖాళీ అంతా దానితోనే నిండిపోతుంది. నూరు శాతం మోగించే సాఫ్ట్‌వేర్‌లోనైతే ఖాళీ మొదటి కాలంలోనే లేదు.

అమరికలు మార్చే ముందు రెండు విషయాలు చూసుకోండి. ‘సస’ మధ్య ఉన్న వంపుగీత స్లర్‌గా ఎక్కిందా, టైగా ఎక్కిందా? ఒకే స్వరస్థానం మీద రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి గాని, టై అయితే సాఫ్ట్‌వేర్ రెండు విలువలను కూడి ఒక్క ‘మొదలు’ సందేశమే పంపుతుంది; రెండో ‘స’ పుట్టనే పుట్టదు. స్లర్ అయితే మొదటి ‘స’ రెండోదాని మీదికి సాగి, దాని ‘ఆపు’ సందేశం రెండో ‘స’ మొదలయ్యాక అందవచ్చు. ఒకే చానెల్‌లో (సందేశాలు వెళ్లే దారిలో) ఒకే స్వరస్థానానికి అందిన ‘ఆపు’ దేనిని ఉద్దేశించిందో గుర్తుపట్టే వీలు ఆ పద్ధతిలో లేదు కనుక, రెండో ‘స’ పుట్టిన వెంటనే ఆగిపోతుంది. జంటల మీద స్లర్‌లు పెట్టకండి.

అవి సరిగా ఉంటే, జంటలోని మొదటి స్వరం మోగే నిడివిని మాత్రమే 60, 65 శాతానికి తగ్గించి, రెండో స్వరం బలాన్ని కొంచెం పెంచండి. జంటలో రెండో స్వరాన్ని కదా మనం ఒత్తి పలికిస్తాం. బలం పెంచితే ఫ్లూటులో కూడా ఆ ఒత్తు వినబడుతుంది. మ్యూజ్‌స్కోర్ 3లో పియానో రోల్ ఎడిటరు తెరిస్తే ప్రతి స్వరం నిడివి వెయ్యింట ఎంతో కనిపిస్తుంది, అక్కడ 650 అని పెట్టవచ్చు. డోరికోలో ఆ స్వరాన్ని ఎంచుకుని మోగడం ఎక్కడ ముగియాలో విడిగా జరపవచ్చు. ఇలా చేసినా కాగితం మీద క్రాచెట్టు క్రాచెట్టుగానే ఉంటుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ చివరి మాట గురించే. సరిగ్గా వినిపించడం లేదని క్రాచెట్టును తీసేసి క్వేవరు (అందులో సగం నిడివి), దాని పక్కన క్వేవరు విరామం రాసేవారు చాలామంది ఉన్నారు. వినడానికి బాగానే ఉంటుంది, కాని ఆ కాగితం పట్టుకున్న పిల్ల అక్కడ నిజంగానే విరామం ఉందనుకుని కమాను ఎత్తేస్తుంది. ఒక స్వరానికి ఒక గుర్తు చదవవలసిన చోట రెండు చదవాల్సి వస్తుంది. వరుస ఆకారమే కంటికి చెదిరిపోతుంది. మన నగరంలోనే 1890ల తొలినాళ్లలో ఎ. ఎం. చిన్నస్వామి మొదలియారు త్యాగరాజ కృతులను స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వేయించినప్పుడు, ఆ పుటలను మోగించే యంత్రం లేదు; రాసినదాన్ని చదివే మనిషి ఉన్నాడన్న నమ్మకంతో రాశారు. మీ పిల్లలకు కూడా అలాగే రాయండి. యంత్రానికి చెప్పవలసినది యంత్రానికే, దాని అమరికలలో చెప్పండి.

ప్రశ్న: పెరంబూరులో మా తెలుగు సంఘం గాయకబృందానికి నేను సాధన ట్రాకులు తయారు చేస్తాను. సోప్రానో, ఆల్టో (స్త్రీల పై గొంతు, కింది గొంతు) ఒకే స్టాఫ్ మీద ఉంటాయి. ఒకచోట ఆల్టోలు ‘జి’ స్వరాన్ని సెమీబ్రీవ్‌గా నాలుగు లెక్కలు నిలపాలి, సోప్రానోలు అదే ‘జి’ని క్రాచెట్లుగా పాడతారు. ప్లేబ్యాక్‌లో ఆల్టో స్వరం ఒక లెక్కకే మాయమవుతోంది. ఇంకో ఇబ్బంది: ఊపిరి తీసుకునే చోట కామా గుర్తు పెడితే ఒక్కోసారి ఏమీ తెలియడం లేదు, దానికి విరామకాలం ఇస్తే ఆర్గాన్ కూడా ఆగిపోతోంది.

సమాధానం: అయ్యా, మొదటిది పై సమాధానంలో చెప్పిన ‘ఆపు’ సందేశం సమస్యే. రెండు గొంతులూ ఒకే చానెల్ గుండా వెళ్తున్నప్పుడు, సోప్రానో తొలి క్రాచెట్టు ముగిసిందని పంపిన ‘ఆపు’ ఆల్టో సెమీబ్రీవ్‌ను కూడా ఆపేస్తుంది. ఆ తరువాతి మూడు లెక్కలూ వినిపించేది సోప్రానో క్రాచెట్లు మాత్రమే. మీ కాగితంలో తప్పేమీ లేదు. డోరికోలో ఒకే స్టాఫ్ మీది గొంతులను విడివిడిగా మోగించే అమరిక ఉంది, దాన్ని ఎంచుకుంటే ఒక్కో గొంతుకు వేరే చానెల్ వస్తుంది. అలాంటి సౌకర్యం లేని చోట సాధన ట్రాకు కోసం గొంతుకు ఒకటి చొప్పున నాలుగు స్టాఫ్‌ల ప్రతి ఒకటి విడిగా చేసుకోండి. అచ్చుకు ఇచ్చే రెండు స్టాఫ్‌ల ప్రతిని ముట్టుకోవద్దు. నాలుగు స్టాఫ్‌లు ఉంటే ఆల్టోలకు ఆల్టో గొంతు పెద్దగా, మిగిలినవి చిన్నగా వినిపించే ట్రాకులు కూడా సులువుగా తీయవచ్చు. సాధనకు అదే ఎక్కువ ఉపయోగం.

ఊపిరి గుర్తు విషయంలో మీరు గమనించింది నిజమే. విరామకాలం అన్నది ఒక గొంతుకు చెందదు, మొత్తం స్కోరు గడియారానికే చెందుతుంది. అక్కడ అర సెకను పెడితే బృందంతో పాటు ఆర్గాన్ కూడా అర సెకను ఆగుతుంది. గాయకులు నిజంగా చేసేదేమిటంటే, తాళం సాగుతుండగానే చరణం చివరి స్వరాన్ని కొద్దిగా కుదించి ఆ సందులో ఊపిరి తీసుకుంటారు. కాబట్టి కామాకు ముందున్న స్వరం మోగే నిడివిని తగ్గించండి. అది మినిమ్ (రెండు లెక్కల స్వరం) అయి, వేగం 60 అయితే, 80 శాతం పెడితే 400 మిల్లీసెకన్ల ఊపిరి దొరుకుతుంది, ఆర్గాన్ తన దారిన సాగుతుంది. ఫెర్మాటా (స్వరాన్ని తాళం ఆపి నిలపమనే గుర్తు) సంగతి వేరు. అక్కడ అందరూ కలిసి ఆగుతారు కనుక, సాఫ్ట్‌వేర్ వేగాన్నే తాత్కాలికంగా తగ్గించి ఆ స్వరాన్ని సాగదీయడం సరైన పద్ధతి. అయితే ఆ స్వరం కింద వేరే గొంతులో క్వేవర్లు నడుస్తుంటే అవి కూడా నెమ్మదిస్తాయని గుర్తుంచుకోండి.

ప్రశ్న: వీణ ధ్వనిలో నాలుగు లెక్కల స్వరం రాస్తే రెండు లెక్కలు కాకముందే వినపడకుండా పోతోంది. నిడివిని 100 శాతానికి పెంచినా మార్పు లేదు. (అడయారు)

సమాధానం: ‘ఆపు’ సందేశం నాలుగు లెక్కలు పూర్తయ్యాకే వెళ్తోంది, కాని మీటిన తీగ ధ్వని అంతకన్నా ముందే తనంతట తాను తగ్గిపోతోంది. నిజమైన వీణ మీద కూడా స్వరం అలాగే తగ్గుతుంది, వైణికులు మధ్యలో మళ్లీ మీటడమో గమకంతో నిలపడమో చేస్తారు. నిడివి అమరికతో ఇది మారదు. మీటు ఎక్కడ పడాలో అక్కడ స్వరాన్ని విడగొట్టి రాయండి, లేదా ఎక్కువసేపు మోగే ధ్వని నమూనాను వాడండి.

ప్రశ్న: నేను టి. నగర్‌లో ఉంటూ మృదంగం నేర్చుకుంటున్నాను. ఆదితాళంలో మిశ్ర నడకను (లెక్కకు ఏడు భాగాలు) సాఫ్ట్‌వేర్‌లో రాసి, దానితో పాటు వాయించాలనుకుంటున్నాను. క్రాచెట్టు 480 టిక్కులైతే దాన్ని ఏడుతో భాగిస్తే శేషం మిగులుతుంది కదా? ఆ మిగిలిన కాలం ఏమవుతుంది? ఆవర్తనాలు గడిచేకొద్దీ తాళం జారిపోదా?

సమాధానం: చాలా మంచి ప్రశ్న. 480 అన్న సంఖ్యను ఎంచుకోవడానికి కారణమే అది అనేక సంఖ్యలతో భాగించబడటం. తిశ్రానికి (మూడు భాగాలు) 160, చతురశ్రానికి (నాలుగు) 120, ఖండానికి (ఐదు) 96 చొప్పున శేషం లేకుండా వస్తాయి. మిశ్రానికి వచ్చేసరికి ఒక్కో భాగం 68.57, సంకీర్ణానికి (తొమ్మిది) 53.33, ఇవి పూర్ణాంకాలు కావు. ఫినాలే సాఫ్ట్‌వేర్ వాడే 1024 ఇంకా ఇబ్బందికరం, అది మూడుతోనూ ఐదుతోనూ కూడా తెగదు.

భిన్నాన్ని కత్తిరించి ప్రతి స్వరానికీ 68 టిక్కులు ఇస్తూ ఒకదాని వెనుక ఒకటి పేర్చుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ ఉందనుకుంటే, ఏడు స్వరాలకు 476 అయి ప్రతి లెక్కకూ నాలుగు టిక్కులు పోతాయి. ఎనిమిది లెక్కల ఆవర్తనానికి 32 టిక్కులు, అంటే నిమిషానికి 60 లెక్కల వేగంలో సుమారు 67 మిల్లీసెకన్లు. అది చెవికి తప్పకుండా తెలుస్తుంది, రెండో ఆవర్తనానికి రెట్టింపు అవుతుంది. సరిగా తయారైన సాఫ్ట్‌వేర్ ఇలా చేయదు. ప్రతి స్వరం ఆరంభాన్ని ఆ లెక్క మొదటి నుంచి భిన్నంగా లెక్కగట్టి, చివరిలో మాత్రమే దగ్గరి టిక్కుకు సవరిస్తుంది: 0, 69, 137, 206, 274, 343, 411, ఆపైన మళ్లీ కచ్చితంగా 480. ఒక్కో స్వరం దగ్గర తేడా అర టిక్కుకు, అంటే ఒక మిల్లీసెకనుకు మించదు, లెక్క మారగానే అది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. తాళం జారదు.

మీరు వింటున్నప్పుడు జారినట్టే అనిపిస్తే గుంపును ఎలా రాశారో చూసుకోండి. ఒక క్రాచెట్టులో ఏడు కావాలంటే నాలుగు సెమీక్వేవర్ల కాలంలో ఏడు సెమీక్వేవర్లు అని ఎక్కించాలి. మృదంగానికైతే మోగే నిడివితో పెద్దగా పని లేదు. దెబ్బ ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం గాని ‘ఆపు’ ఎప్పుడు వెళ్లిందన్నది కాదు. ‘తకిట తకధిమి’లో ‘త’ అక్షరాలు రెండింటికీ బలం కొంచెం పెంచితే మూడు, నాలుగుగా విరుపు స్పష్టంగా వినిపిస్తుంది.

ప్రశ్న: వడపళనిలో సినిమా నేపథ్య సంగీతానికి అరేంజరుగా పని చేస్తున్నాను. చాలాకాలం ఫినాలే వాడాను. ఇప్పుడు డోరికోకు మారుతున్నాను. పాత స్కోర్లను మిడి ఫైళ్లుగా తెస్తే ప్రతి క్రాచెట్టూ చుక్క పెట్టిన క్వేవరు, పక్కన సెమీక్వేవరు విరామంగా వస్తోంది. వయొలిన్ బృందానికి అలాంటి కాగితం ఇవ్వలేను. ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకోవలసిందేనా?

సమాధానం: అక్కరలేదు, కాని దారి మార్చాలి. ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు దాని తయారీదారు 2024 ఆగస్టులో ప్రకటించాక మీలాంటి పరిస్థితిలో ఉన్నవారు చాలామంది ఉన్నారు. మిడి ఫైలులో క్రాచెట్లు లేవు, మోగిన నిడివులు మాత్రమే ఉన్నాయి. ఉదాహరణకు 408 టిక్కులు మోగిన స్వరాన్ని సెమీక్వేవరుకు, అంటే 120 టిక్కుల కొలతకు సవరించమంటే, దానికి 480 కన్నా 360 దగ్గర కనుక చుక్క పెట్టిన క్వేవరుగా రాసి, మిగిలిన 120కి విరామం పెడుతుంది. లెక్క ప్రకారం అది సరైనదే. వాయిద్యకారుడి అలవాటును రచయిత ఉద్దేశంగా పొరబడడమే ఇక్కడ జరిగింది.

ఫినాలే మీ కంప్యూటరులో ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ప్రతి స్కోరునూ మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు రూపంలో భద్రపరచుకోండి, ఆలస్యం చేయకండి. ఆ పద్ధతిలో స్వరానికి తాళంలో ఉన్న కాలం ఒకచోట, క్రాచెట్టా మినిమా అన్న ఆకారం మరొకచోట విడిగా రాసి ఉంటాయి. స్వరం మొదలయ్యే, ఆగే క్షణాలు రాసినదానికి ఎంత ముందువెనుకలుగా ఉన్నాయో చెప్పే వీలు కూడా అందులో ఉంది, అయితే చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకుంటేనే ప్రయోజనం. అందువల్ల కాగితం చక్కగా వస్తుందని ఆశించండి గాని, మీరు ఫినాలేలో సరిదిద్దుకున్న ప్లేబ్యాక్ అంతా అలాగే వస్తుందని ఆశించకండి. స్టూడియోలో మీ తీగవాద్య బృందం చూసేది కాగితాన్నే కనుక మొదట దాన్ని కాపాడుకోవడమే సబబు.

అసలు ఫైలు పోయి మిడి మాత్రమే మిగిలిన స్కోర్లకు ఒక ఉపాయం ఉంది. దాన్ని ముందు క్యూబేస్ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అందులోని ‘లెగాటో’ ఆదేశంతో ప్రతి స్వరాన్నీ తరువాతి స్వరం మొదలయ్యే వరకు పొడిగించి, ఆ తరువాత నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెండి. క్రాచెట్లు క్రాచెట్లుగా వస్తాయి. కాని ఆ ఆదేశం నిజమైన విరామాలను కూడా స్వరంతో నింపేస్తుంది కాబట్టి, మొత్తం ట్రాకుకు ఒకేసారి ఇవ్వకుండా, విరామం ఉన్న చోట ఆపి వాక్యం వాక్యంగా ఎంచుకుంటూ ఇవ్వండి. ప్రతి వాక్యం చివరి స్వరాన్ని మాత్రం పాత రికార్డింగు వింటూ చేత్తో సరిచేసుకోవాలి.